మూత కింద నూటయాభై

“రంగు బకెట్టు చూడ్డానికి హిందూపురం నుంచి ఇంత పొద్దున్నే వచ్చారా ఝాన్సీ గారూ?”

సి.ఐ. సుధాకర్ గుమ్మంలో నిలబడి అడిగాడు. ఆ గుమ్మానికి ఇంకా తలుపు పెట్టలేదు. ఉంటే మొహం మీదే వేసేదాన్ని.

టైము తొమ్మిది ఇరవై. సాయంత్రం ఆరుకు మేస్త్రీ కుళ్ళాయప్పను కోర్టులో హాజరు పెడతారు. హత్య కేసు. ఒకసారి రిమాండుకు పోతే బెయిలు ఎప్పుడొస్తుందో చెప్పలేం. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, సిమెంటు దుమ్ముకు ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. జైల్లో ఏడాది బతుకుతాడని నాకు నమ్మకం లేదు.

నిన్న సాయంత్రం అతని కూతురు మల్లిక ధర్మవరం నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. “మా నాయన అట్లాటోడు కాదు మేడం, ఎట్లైనా ఇడిపిచ్చండి” అంది. ప్రతి కూతురూ ఆ మాటే అంటుంది. తర్వాత ఆమె భర్త యువరాజ్ ఫోన్ తీసుకుని, “ఫీజు ఎంతైతాది మేడం?” అని మర్యాదగా అడిగాడు. మామ కోసం ఫీజు కట్టే అల్లుడు ఈ రోజుల్లో దొరకడం కష్టం అనుకున్నాను.

నేను తూనికలు కొలతల శాఖలో పంతొమ్మిదేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశాను. పై అధికారితో పడక రాజీనామా ఇచ్చాను. ఇప్పుడు వకీళ్ళ తరఫున కేసుల ఆరా తీస్తున్నాను. సుధాకర్ దృష్టిలో నేను ఇంకా తూకం రాళ్ళు తిరగేసే మనిషినే.

పెనుకొండలో కుళ్ళాయప్ప కడుతున్న ఈ రెండు గదుల ఇల్లు ఆదిలక్ష్మిది. అంగన్‌వాడీలో ఆయా. భర్త పోయాడు, పిల్లలు లేరు. సరిగ్గా వారం కింద, మంగళవారం, డ్వాక్రా లోను అరవై వేలు చేతిలో పెట్టుకుని హిందూపురం వెళ్ళింది. రంగు, కుళాయిలు, స్విచ్చులు కొంది. సాయంత్రం ఆరు ఇరవైకి లగేజీ ఆటో తిప్పన్న సామాను దించి వెళ్ళాడు. బుధవారం పొద్దున ఇంటి ముందున్న నీళ్ళ సంపులో ఆమె శవం తేలింది. తల వెనక దెబ్బ. ఆరుకూ ఎనిమిదికీ మధ్య చనిపోయిందని పోస్టుమార్టం రిపోర్టు. పద్దెనిమిది వేల బిల్లు పోగా మిగలాల్సిన నలభై రెండు వేలు లేవు.

అంతకు మూడు రోజుల ముందు కూలి బాకీ గురించి ఆమెకూ కుళ్ళాయప్పకూ నడివీధిలో గొడవైంది. సుధాకర్‌కు అది చాలు.

“ఈ మూత ఎవరు తీశారు సి.ఐ. గారూ?”

“ఎవరో కూలోళ్ళు తీసుంటారు.”

“ఎందుకు?”

“రంగు వెయ్యడానికి. పాయసం అనుకుని తీస్తారా?”

“గోడ ముట్టుకోండి.”

అతను ముట్టుకోలేదు. నేనే అరచేయి ఆనించి చూపించాను. ప్లాస్టరింగు తడి ఇంకా ఆరలేదు. అది ఆరాలి, లప్పం పెట్టాలి, ప్రైమరు కొట్టాలి, ఆ తర్వాత రంగు. ఇంకా నెల పని ఉంది. ఇప్పుడే మూత తీస్తే రంగు పాడవుతుంది. అప్పు చేసి కొన్న ఆదిలక్ష్మి అయితే ఆ బకెట్టు మీద చెయ్యి కూడా వెయ్యనివ్వదు.

సీలు పట్టీ తెగి కింద పడి ఉంది. మూత సరిగ్గా కూర్చోలేదు. ఎత్తి చూస్తే రంగు మీద పాల మీద కట్టినట్టు మీగడ కట్టింది. మూత లోపలి వైపు, మధ్యలో, అగ్గిపెట్టె అంత మేర జిగురు మరక. అక్కడ అంటించినది ఏదో పీకేశారు.

“టోకెన్ పీకారు” అన్నాను.

“ఏం టోకెన్?”

ఇతనూ మొన్ననే మూడంతస్తుల ఇల్లు కట్టాడు. అయినా తెలియదు. ఈ రంగు కంపెనీ బకెట్టు మూత కింద ఒక టోకెన్ అంటిస్తుంది. అది కొన్నవాళ్ళకు కాదు, రంగు వేసే పనివాడికి. అతను ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే నూటయాభై రూపాయలు అతని ఖాతాలో పడతాయి. ఈ కంపెనీ బకెట్టే కొనమని ఇంకో ఇంట్లో చెప్పడానికి అది లంచం. ఆ నూటయాభై కంపెనీ తన జేబులోంచి ఇవ్వదు, బకెట్టు ధరలో ముందే కలిపి ఉంటుంది. కట్టేది ఇంటి యజమాని. తను కట్టిన సంగతి మాత్రం యజమానికి ఎవరూ చెప్పరు.

అక్కడే తిప్పన్నకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. “దించినప్పుడు బకెట్టుకు సీలు ఉండిందా?”

“సీలు లేకుంటే దావలో ఒలికిపోదా మేడం? బిగించే ఉన్నింది. నేనే మోసి లోపల పెడ్తి.”

“విన్నారా? ఆరు ఇరవై తర్వాతే, ఈ ఇంట్లోనే ఎవరో సీలు తెంచారు. ఆ టోకెన్ ఏ ఫోన్‌లో స్కాన్ అయిందో కంపెనీని అడగండి.”

సుధాకర్ నవ్వాడు. “నూటయాభైకి మర్డరా? కుళ్ళాయప్పే పీకుంటాడు. అతనూ పనోడే కదా. సాయంత్రంలోపు ఒప్పుకుంటాడు చూడండి.”

“పోలీసుల ముందు ఒప్పుకుంటే కోర్టులో చెల్లదు.”

“చెల్లదు. రిమాండుకు సరిపోతుంది.”

అంత నిజాయితీగా చెప్పినవాడిని తిట్టడానికి కూడా నోరు రాలేదు.

పది నలభైకి స్టేషన్లో వకీలు ఉత్తరం చూపించి, కుళ్ళాయప్పతో పది నిమిషాలు మాట్లాడటానికి అనుమతి తీసుకున్నాను. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో పిల్లికూత.

“మంగళవారం హిందూపురం పోయినావా అప్పా?”

“పోలే మేడం. నల్లచెరువులో పని ఉండాదంటే సూసొచ్చేకి పోతి. ఆయప్ప దొరకలే. తిరిగొస్తి.”

“ఆదిలక్ష్మిని చూసినావా ఆ దినం?”

“కండ్లతో సూడలే.”

“ఆమెతో హిందూపురానికి ఎవరు పోయినారు?”

“ఎవురూ పోలే. ఒక్కతే పోయింది.”

మాట ముగియకముందే చెప్పేశాడు. “నువ్వు చూడనే లేదంటివే. ఒక్కతే పోయిందని నీకెట్ల తెలుసు?”

తల దించుకున్నాడు. ఎవరినో దాస్తున్నాడు. తోటి పనివాడెవడో అనుకున్నాను. బెదిరిస్తే చెప్తాడనుకుని నా దగ్గరున్నది బయటపెట్టాను.

“కుళ్ళాయప్పా, రంగు బకెట్టు సీలు తెంచి ఎవరో టోకెన్ పీక్కున్నారు.”

తలెత్తాడు. “యాడ? అంగట్లోనా?”

“కాదు. ఆ ఇంట్లో. సామాను దించినాక.”

“ఆ ఇంట్లోనా?” మళ్ళీ అడిగాడు. “ఆ ఇంటికి వచ్చినాడా?”

“ఎవరు?”

కుళ్ళాయప్ప గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక అన్నాడు, “మీరు ఇంక పోండి మేడం. మా మల్లిక దగ్గర దుడ్లు తీసుకోవద్దు. దానికి సంటిబిడ్డ ఉండాది.”

పోలీసు భయం అనుకుని బయటికి వచ్చేశాను. పంతొమ్మిదేళ్ళు దొంగ తూకాలు పట్టినదాన్ని, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చదవలేకపోయాను. ఆ మాట ఆ రోజు, ఆ గదిలో బయటపెట్టినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

హిందూపురంలో అష్రఫ్ హార్డ్‌వేరు అంగడికి చేరేసరికి పన్నెండు నలభై. ఆదిలక్ష్మి సామాను కొన్నది అక్కడే. ఆమె ఒక్కతే వచ్చిందని అతను పోలీసులకు రాసిచ్చాడు. అష్రఫ్ భోజనానికి వెళ్ళాడు. నేను ఎవరో తెలియని కౌంటరు మనిషిని అదే రంగు, అదే ఇరవై లీటర్ల బకెట్టు అడిగాను.

“ఎమ్మార్పీ ఐదువేల తొమ్మిది నూర్లు అక్కా. మీకని నాలుగువేల ఐదు నూర్లు.”

“చెప్పే రేటు కాదు, ఇచ్చే రేటు చెప్పు.”

అతను నన్ను దాటి వీధిలోకి చూశాడు. “మీతో ఎవరైనా వచ్చినారా? మేస్త్రీ? పెయింటరు?”

“ఒక్కదాన్నే.”

“అట్లయితే నాలుగువేల మూడు నూర్లకు తీసుకోండి.”

ఆదిలక్ష్మి బిల్లు నకలు నా సంచిలోనే ఉంది. ఆమె కట్టింది నాలుగువేల ఏడు నూర్లు. కుళాయిలు, స్విచ్చులు, వైర్ల రేట్లు కూడా ఒక్కొక్కటే అడిగి బిల్లు పక్కన రాసుకున్నాను. అష్రఫ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను చూడగానే ఆగిపోయాడు.

“మేడం, రెండుసార్లు రైడుకు వచ్చినారు మీరు. రెండుసార్లూ నా కాటా సరిగ్గా ఉన్నింది.”

“కాటా సరిగ్గానే ఉంటుంది అష్రఫ్. రేటే మనిషికొక తీరు. నాకు నాలుగువేల మూడు నూర్లు. ఆదిలక్ష్మికి నాలుగు నూర్లు ఎక్కువ ఎందుకైంది?”

“ఆయమ్మకు బేరం చేసేకి రాలేదేమో.”

“కుళాయిలకు రూపాయి తేడా లేదే. స్విచ్చులకు లేదు. అన్నిటికీ బేరం చేసిన మనిషికి రంగు దగ్గర నోరు పడిపోయిందా?”

అతను కుర్చీలో కూలబడ్డాడు. 

“అచ్చేసిన ధర ఎవరూ కట్టరు మేడం. తగ్గించినట్టు చూపించేకే అంత అచ్చేస్తారు. బకెట్టు నాకు మూడువేల తొమ్మిది నూర్లు పడతాది. అంగడి బాడుగ, కరెంటు, ముగ్గురికి జీతాలు. ఒంటరిగా వచ్చినోళ్ళకి నాలుగు నూర్లు ఏసుకోని ఇస్తా. పనోడు ఎంటబెట్టుకోని వస్తే వానికి ఇంకో నాలుగు నూర్లు ఇయ్యాల. నా చేతి నుంచి యాడ ఇస్తును? గిరాకీ మీదే ఏస్తా. ఇయ్యకుంటే పక్కంగడికి తోల్కపోతాడు.”

“అంటే ఆమెతో పనివాడు వచ్చాడు.”

అష్రఫ్ బిల్లు పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

“మేస్త్రీ కాదు. ఇల్లంతా ఒప్పుకున్న మేస్త్రీ వస్తే కుళాయి దగ్గర్నుంచి వైరు దాకా అన్నిటి మీదా కమీషను పడాలి. ఈ బిల్లులో ఒక్క రంగు మీదే పడింది. వచ్చినవాడు రంగు పనివాడు. ఔనా కాదా?”

“వాళ్ళ పేర్లు బయటపెడితే ఒక్క పెయింటరు కూడా మా అంగడి మెట్లెక్కడు మేడం.”

“ఒక మనిషి చచ్చిపోయింది అష్రఫ్! పెద్దమనిషి ఒకాయన జైలుకు పోతున్నాడు.”

గట్టిగానే అరిచాను. కౌంటరు దగ్గర గిరాకీలు తిరిగి చూశారు. నాకు సిగ్గనిపించలేదు, ఒళ్ళు మండిపోయింది. నెలకు ఏడు వేల జీతం ఆదిలక్ష్మిది. తనను చంపినవాడికి నాలుగు నూర్ల కమీషనూ, నూటయాభై టోకెనూ ఆమే తన అప్పులోంచి కట్టింది.

అష్రఫ్ గొంతు తగ్గించాడు. “వచ్చినాడు. బండి మీద వచ్చినాడు, ఆటో ఎనక బండి మీదే పోయినాడు. పేరు తెల్దు, ధర్మవరం పక్కోడు. కమీషను తీసుకునేకి మళ్ళా రాలేదు. అప్పుడే నాకు అనుమానం కొట్టింది. భయపడి నోరు మూసుకుంటి.”

“టోకెన్ ఎవరు స్కాన్ చేశారో తెలుస్తుందా?”

“బకెట్టు నంబరు ఉంటే కంపెనీ మనిషి చెప్తాడు.”

బకెట్టు అడుగున అంటించిన నంబరు పొద్దున్నే ఫోటో తీశాను. అష్రఫ్ పంపించాడు. ఒకటి ముప్పై ఐదుకు జవాబు వచ్చింది. అతను చదివి ఫోన్ నా చేతికిచ్చాడు.

టోకెన్ వాడినది మంగళవారం, సాయంత్రం ఆరు యాభై రెండు. పెయింటరు పేరు యువరాజ్. ఊరు ధర్మవరం. కింద ఫోన్ నంబరు.

నిన్న నాకు మల్లిక ఫోన్ వచ్చిన నంబరే అది. మామ కోసం ఫీజు ఎంతని అడిగిన అల్లుడు అతనే.

అప్పుడు అర్థమైంది స్టేషన్లో కుళ్ళాయప్ప ఎందుకు కూలబడ్డాడో. రంగు పని అల్లుడికి దక్కాలని ఆదిలక్ష్మికి తోడుగా అతన్ని పంపింది ఈయనే అయ్యుండాలి. అంగడి దగ్గర్నుంచే ఇంటికి పోయానని అల్లుడు చెప్పి ఉంటాడు, ఈయన నమ్మి ఉంటాడు. పోలీసుల గోల తగలకూడదని పేరు దాచాడు. మూత ఆ ఇంట్లో తెరిచి ఉందని నేను చెప్పేదాకా అల్లుడు అక్కడికి వెళ్ళాడని ఆయనకు తెలియదు.

సుధాకర్‌కు ఫోన్ చేయబోతుంటే అతనే చేశాడు.

“మీ మనిషి ఒప్పుకున్నాడు ఝాన్సీ గారూ. పన్నెండింటికే. చెయ్యి కూడా వెయ్యలేదు. బకెట్టు మూత కూడా తానే తీశాడంట. మీ టోకెన్ కథ భలే పనికొచ్చింది, థాంక్స్.”

“డబ్బు ఏం చేశాడంట?”

“ఖర్చయిపోయిందంట.”

“అతని దగ్గరున్నది మీటల ఫోన్. మీరే స్వాధీనం చేసుకున్నారు. దాంతో టోకెన్ ఎలా స్కాన్ చేశాడో అడిగారా?”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

“అది అతని అల్లుడు యువరాజ్ పేరు మీద ఆరు యాభై రెండుకు వాడారు. ఆరు ఇరవైకి సీలు ఉంది. ఆ అరగంటలో అతను ఆ ఇంట్లో ఉన్నాడు. కంపెనీ మెసేజు మీకు పంపిస్తున్నాను.”

“అల్లుడి ఫోన్ మామ వాడుండొచ్చు. ఆరుకు కోర్టు. ఆ లోపల ఆ నంబరు ఎవరి చేతిలో ఉందో తేల్చండి, ధర్మవరం స్టేషనుకు నేనే చెప్తా. లేదంటే ఈ స్టేట్‌మెంటే లోపలికి పోతుంది.”

కారు తీశాను. దారిలో యువరాజ్‌కు ఫోన్ చేయలేదు. మల్లికకూ చేయలేదు. ఏమని చెప్పాలో రెండు గంటల ప్రయాణంలోనూ తోచలేదు. తండ్రిని విడిపించమని డబ్బిచ్చిన పిల్లకు, విడిపిస్తాను, బదులుగా మొగుణ్ణి ఇవ్వమని చెప్పాలి.

నాలుగు ఐదుకు ధర్మవరంలో వాళ్ళ ఇల్లు చేరాను. ముందు గదిలో మల్లిక పట్టుచీర కొంగుకు కుచ్చులు కడుతోంది. పక్కన చాప మీద ఏడాది పాప నిద్రపోతోంది. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది.

“ఆయన ఏడి?”

“పండుకోని ఉండాడు మేడం. రెండు దినాల నుంచి జరం అంటాండాడు.” లేచి కుర్చీ జరిపింది. “మా నాయన ఎప్పుడొస్తాడు?”

నేను అష్రఫ్ పంపిన మెసేజు తెరిచాను. “ఈ నంబరు ఎవరి దగ్గర ఉంటుందమ్మా?”

“నా దగ్గరే. టోకెన్లకు నా నంబరే ఇచ్చినాడు ఆయన. ఆయన ఖాతాలో పడితే బండి ఫైనాన్సోళ్ళు కట్ చేసుకుంటారని. పనికాడ ఆయన ఫోన్‌తో స్కాన్ కొడతాడు, దుడ్లు నాకొస్తాయి.”

“పోయిన మంగళవారం ఏమైనా వచ్చాయా? చూడు.”

ఆమె వేలితో మెసేజులు పైకి జరుపుతూ పోయింది. ఒకచోట ఆగింది. నూటయాభై. మంగళవారం. ఆరు యాభై రెండు.

“ఏ ఇంటి బకెట్టు మేడం ఇది?” అని అడిగింది. అడిగేసరికే ముఖం పాలిపోయింది.

“ఆదిలక్ష్మి ఇంటిది.”

“ఆ దినం నార్పలలో పని అన్నాడే.” మళ్ళీ ఆ మెసేజు చూసింది. “గురువారం బండి కంతులన్నీ ఒకేసారి కట్టేసినాడు. చీటీ ఎత్తినానన్యాడు. నేను నమ్మితి.”

“మీ నాయన పొద్దున నేరం ఒప్పుకున్నాడు మల్లికా. తానే చేశానని సంతకం పెట్టాడు.”

“చేయకుండా ఎందుకు పెట్టినాడు?”

“నీకోసం.”

ఆమె ఏడవలేదు. ఫోన్‌నే చూస్తూ కూర్చుంది. “ఆ నూటయాభైతోనే మేడం, పొద్దున అంగడికి పోయి రెండు పాలప్యాకెట్లు, పాపకు బిస్కెట్లు తెస్తి. రెండు దినాలు తాపినా. బిడ్డకు అదే పోసినా.”

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

మల్లిక లేచింది. పాపను ఎత్తి నా ఒడిలో పెట్టింది. అడుగుల చప్పుడు లేకుండా లోపలి గది దాకా నడిచి, తలుపు లాగి, బయటి గొళ్ళెం పెట్టి, పైన తాళం బిగించింది. తాళం రెండుసార్లు జారింది.

“పోలీసోళ్ళకు ఫోన్ చేయండి మేడం” అంది. “ఆరుకు కదా కోర్టు?”

“మల్లికా!” లోపల్నుంచి యువరాజ్ గొంతు. నిద్ర మత్తు లేదు అందులో. “తలుపు ఏంటికి ఏసినావు?”

ఆమె తలుపుకు వీపు ఆనించి కూర్చుని రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను పాపను ఒక భుజాన వేసుకుని సుధాకర్ నంబరు నొక్కాను. అవతల మోగుతుండగానే, ఆమె వీపు వెనక తలుపు మీద మొదటి దెబ్బ పడింది.